వాకర్ అంటే నడిచేవాడు కాదు: ఇంగ్లీషు ఇంటిపేరు మూలం వెతకడం ఎలా

మా చిన్నమ్మాయి లీడ్స్‌లో నర్సు. అక్కడి కుర్రాణ్ణే చేసుకుంది. పెళ్ళి రెండుసార్లు జరిగింది, ఒకసారి అక్కడ, ఒకసారి గుంటూరులో. ఇక్కడి పెళ్ళికి వియ్యాలవారు వచ్చి మా బ్రాడీపేట ఇంట్లో పన్నెండు రోజులున్నారు. నాకు వచ్చింది కొట్టు ఇంగ్లీషు. బేళ్ళు, లారీ రసీదులు, తేమ శాతం వరకూ ఢోకా లేదు, అది దాటితే తడుముకోవాలి. వియ్యంకుడికి తెలుగు సున్నా. "బావగారు" అనే మాట ఒక్కటి నేర్పించాను. ఇప్పటికీ ఫోనెత్తితే అదే పిలుపు.

ఒక సాయంత్రం డాబా మీద మిరపకాయ బజ్జీలు తింటున్నాం. అంటే నేను బజ్జీ తింటున్నాను, ఆయన మిరపకాయ పక్కన పెట్టి పైపిండి తింటున్నాడు. మీ ఇంటిపేరుకు అర్థమేమిటి అని అడిగాడు. మాది కొండవీటి. పడమటి వైపు చెయ్యి చూపించి, అదుగో ఆ దిక్కున కొండ ఉంది, మీద కోట ఉంది, రెడ్డిరాజులు ఏలిన చోటు, మావాళ్ళు ఎప్పుడో అక్కణ్ణించి దిగి వచ్చి ఉంటారు అని అర నిమిషంలో తేల్చేశాను. మరి మీ వాకర్ సంగతేమిటి అన్నాను. "నడిచేవాడు అనుకుంటా" అన్నాడాయన.

నాకది మింగుడుపడలేదు. పదిమందిలో ఒకణ్ణి గుర్తుపట్టడానికి కదా పేరు. ఊరంతా నడిచేవాళ్ళే అయినప్పుడు ఒకణ్ణి పట్టుకుని నడిచేవాడు అనాలంటే మిగతా ఊరు పాకుతూ ఉండాలి. ముప్పై ఆరేళ్ళు పత్తి కమిషన్ కొట్టులో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, లెక్క కుదరకపోతే నిద్ర పట్టదు. రిటైరయ్యాక చేతిలో పనీ లేదు. నాలుగు నెలలు పట్టింది కానీ సంగతి తేలింది. మీ ఇంట్లోనూ ఇలాంటి సంబంధం కలిసినా, మీ పేటకో రోడ్డుకో ఉన్న దొర పేరు ఎక్కణ్ణించి వచ్చిందో అని బుద్ధి పుట్టినా ఈ దారి పనికొస్తుంది. నేను పడ్డ గోతులు కూడా చెప్తాను.

ముందు శ్రీనుల కథ

మా కొట్టులో ఒకప్పుడు నలుగురు శ్రీనివాసరావులుండేవారు. షావుకారు "శ్రీనూ" అని కేకేస్తే నలుగురూ వచ్చేవారు, లేకపోతే నలుగురూ రాకుండా ఊరుకునేవారు. నెల తిరక్కుండానే వాళ్ళకి పేర్లు పడ్డాయి. తెనాలి నుంచి రైల్లో వచ్చేవాడు తెనాలి శ్రీను. కాటా దగ్గర నిలబడి తూకం వేసేవాడు కాటా శ్రీను. మూడోవాడు పొట్టి శ్రీను, చెప్పక్కర్లేదు. నాలుగోవాడి నాన్న మా కొట్టులోనే పాత జమేదారు, కాబట్టి సుబ్బయ్యగారి శ్రీను. ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టినవి కావు.

ఇంగ్లీషు ఇంటిపేర్లు ఎన్ని వేలున్నా దాదాపు అన్నీ ఈ నాలుగు గంపల్లోనే పడతాయి. ఊరో, ఊళ్ళోని గుట్టో చెట్టో చెప్పేవి: లింకన్, హిల్, వుడ్. పని చెప్పేవి: స్మిత్, టేలర్. మనిషి వాలకం చెప్పేవి: షార్ట్, ఆర్మ్‌స్ట్రాంగ్. తండ్రి పేరు చెప్పేవి: జాన్సన్, విలియమ్స్. మన ఇంటిపేర్లూ అంతే కదా. ఊరి పేర్లు సరేసరి. వినుకొండలో పుట్టిన జాషువా గారి ఇంటిపేరు గుర్రం, పొట్టి శ్రీరాములు గారిది పొట్టి.

ఇక్కడొక మెలిక ఉంది. తెనాలి శ్రీనుని తెనాలి శ్రీను అన్నది గుంటూరులోనే. తెనాలిలో ఎవరంటారు? అక్కడందరూ తెనాలివాళ్ళే. బెజవాడ గోపాలరెడ్డి గారు నెల్లూరు జిల్లా మనిషి. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే ఆ ఊరు వదలాలి. ఇంగ్లీషువాళ్ళ ఊరి ఇంటిపేర్లకూ ఇదే సూత్రం. పేరు చెప్పేది కుటుంబం బయల్దేరిన చోటు. పేరు పడిన చోటు వేరే ఉంటుంది, సాధారణంగా చుట్టుపక్కలే.

ఇంకో మెలిక. కాటా శ్రీను కొడుకు బ్యాంకులో చేస్తున్నాడు. జన్మలో కాటా పట్టలేదు. మొన్న బజారులో కనిపిస్తే పక్కాయన "కాటావాళ్ళబ్బాయి" అన్నాడు. పేరు ఇంటిపేరుగా మారే ఘడియ అదే. పని పోయినా పేరు పోదు.

ఇంగ్లండులో ఈ ఘడియ మూడు వందల ఏళ్ళ పాటు సాగింది. 1066లో నార్మన్లు వచ్చాక ముందు పెద్ద భూస్వాములకు, తర్వాత పట్నాలవాళ్ళకు, ఆపైన పల్లెలవాళ్ళకు, సుమారు 1400 నాటికి చాలామందికి తండ్రి నుంచి కొడుక్కి దిగే పేరు కుదిరింది. ఉత్తరాదిన ఇంకాస్త ఆలస్యం. చట్టం ఏదీ లేదు. ఊళ్ళో ఎటు చూసినా జాన్, విలియం, రాబర్ట్, రిచర్డ్, థామస్. పన్ను రాసుకునే గుమాస్తాకి ఏ జాన్ అన్నది కావాలి, తండ్రి భూమి కొడుక్కి రాయాలంటే ఎవరి కొడుకో తెలియాలి. అవసరమే పేరు పెట్టింది.

చెవిని నమ్మొద్దు

ఇది నాకు సిగ్గుచేటు విషయం, అయినా చెప్పాలి. పత్తి మధ్య బతికినవాణ్ణి, చిన్నప్పట్నుంచీ కాటన్ దొర అంటే పత్తి వ్యాపారుల కుటుంబం అనుకున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటనే. బెజవాడలో ప్రకాశం బ్యారేజీకి ముందు, 1855లో పూర్తయిన పాత ఆనకట్ట కూడా ఆయన పట్టుదల వల్ల వచ్చిందే. పత్తి పండే డెల్టాకు పత్తి దొర నీళ్ళిచ్చాడని కొట్టులో కుర్రాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి.

ఆ కాటన్‌కీ పత్తికీ సంబంధం లేదు. పత్తి అనే అర్థమిచ్చే కాటన్ అరబ్బీ నుంచి వచ్చిన మాట. ఇంటిపేరు కాటన్ పాత ఇంగ్లీషులో గుడిసె అనే మాట నుంచి వచ్చింది, "గుడిసెల దగ్గర" అని అర్థం. కాటన్, కోటన్ అనే ఊళ్ళు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. అలాంటి ఊరి నుంచి వచ్చినవాడు కాటన్. మనకైతే గుడిసెలవారు అవుతుంది. ఈ రెండు మాటలూ ఎక్కడో పుట్టి చివరికి ఒకే స్పెల్లింగులో వచ్చి కూర్చున్నాయి, అంతే.

కాబట్టి మొదటి నియమం: ఇవాళ్టి ఇంగ్లీషులో ఆ మాటకున్న అర్థం తీసి పక్కన పెట్టండి. పేరు పడ్డ రోజుల్లో ఆ మాటకి అర్థమేమిటో, అప్పుడు దాన్ని ఎలా రాశారో చూడాలి. అక్కడిదాకా వెళ్ళాలంటే ఇవాళ్టి నుంచి వెనక్కి ఒక్కో మెట్టూ దిగాలి. పైనుంచి దూకితే కాలు విరుగుతుంది, నాకు విరిగింది.

మెట్లు దిగడం

మొదటి మెట్టు ఇంట్లోనే. వియ్యపురాల్ని అడిగాను, ఆయన్ని కాదు. మగవాళ్ళకి తాత పేరు దాటి తెలియదు, ఏ దేశంలోనైనా. ఆవిడ నోట్‌బుక్ తీసి అత్తగారి పుట్టింటి పేరు, మామగారి నాన్న పుట్టిన ఊరు, పెళ్ళయిన చర్చి గబగబా చెప్పేసింది. పుట్టింటి పేరు తప్పకుండా అడగండి. పెళ్ళితో అక్కడ ఆడవాళ్ళ ఇంటిపేరు మారిపోతుంది, ఆ పేరు తెలియకపోతే సగం వంశం గోడ అవతలే ఉండిపోతుంది. విజయవాడ బీసెంట్ రోడ్డు ఎవరి పేరున ఉందో అందరికీ తెలుసు. అయితే అనీబీసెంట్ పుట్టింటి పేరు వుడ్. 1867లో పెళ్ళాడిన ఫ్రాంక్ బీసెంట్ ఇంటిపేరు అది. ఆవిడ తాతముత్తాతల్ని బీసెంట్ల కింద వెతికితే జీవితమంతా వెతకొచ్చు.

రెండో మెట్టు సర్కారు పత్రాలు. ఇంగ్లండు, వేల్సుల్లో జనన మరణ వివాహాలను ప్రభుత్వం రాయడం 1837 జులై 1న మొదలైంది. స్కాట్లండులో 1855 నుంచి. ఇంగ్లండు, వేల్సుల సూచికలు ఇంట్లో కూర్చుని ఫోనులోనే చూడొచ్చు. ఫ్రీబీఎమ్‌డీ అని ఒకటుంది, ఉచితం. అక్కడి రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసు వెబ్‌సైటులో ఇంకో సూచిక ఉంది. దాంట్లో 1837 నుంచీ పుట్టిన చాలామంది బిడ్డలకి తల్లి పుట్టింటి పేరు కనిపిస్తుంది, అదొక వరం. సూచికలో నెల ఉండదు, మూడు నెలలకో కట్ట ఉంటుంది. మార్చి కట్టలో ఉన్నవాడు జనవరిలో పుట్టి ఉండొచ్చు, నిరుడు డిసెంబరు చివర పుట్టి ఆలస్యంగా రాయించిన వాడూ కావచ్చు. సూచికతో ఆగకండి, డబ్బు కట్టి నకలు తెప్పించండి. ముఖ్యంగా పెళ్ళి పత్రం. దాంట్లో పెళ్ళికొడుకు తండ్రి పేరు, ఆయన చేసే పని, పెళ్ళికూతురి తండ్రి పేరు, ఆయన పని ఉంటాయి. ఒక్క కాగితంతో రెండు ఇళ్ళల్లో ఒక్కో తరం దిగిపోతారు.

మూడో మెట్టు జనాభా లెక్కలు. పదేళ్ళకోసారి 1801 నుంచీ తీశారు గానీ మనకు పనికొచ్చేలా పేర్లతో దొరికేవి 1841 నుంచి. వందేళ్ళు దాటితేనే బయట పెడతారు, ఇప్పటికి 1921 దాకా తెరిచారు. 1931 లెక్కలు మంటల్లో పోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు తియ్యలేదు. 1841 వాటితో జాగ్రత్త. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసుని అయిదు గుణిజానికి తగ్గించి రాసేశారు. ముప్పై నాలుగేళ్ళవాడు ముప్పై అవుతాడు. పుట్టిన ఊరు కూడా ఉండదు, ఈ జిల్లావాడా కాదా అనేదొక్కటే. 1851 నుంచి ఊరు, ఇంటి యజమానికి ఏమవుతాడు, ఏం పని, అన్నీ ఉంటాయి. 1881 లెక్కలు ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా చూడొచ్చు.

ఆ 1881లోనే నాకు ఒళ్ళు జలదరించింది. బావగారి ముత్తాత ఓల్డ్‌హామ్‌లో ఉన్నాడు. పని గడిలో పత్తి నూలు వడికేవాడు అని ఉంది. ఓల్డ్‌హామ్ అంటే ఆ రోజుల్లో నూలు మిల్లుల ఊరు. అమెరికాలో 1861 నుంచి 1865 వరకూ అంతర్యుద్ధం నడిచినప్పుడు అక్కడి పత్తి ఆగిపోతే, లాంకషైర్ మిల్లులు మన దేశపు పత్తి మీద పడ్డాయి. దాన్ని సూరత్ పత్తి అనేవాళ్ళు, పొట్టి పింజ, చెత్త ఎక్కువ, దారం తెగిపోతుందని మిల్లువాళ్ళు తిట్టుకునేవారు. పింజ పొట్టిది, చెత్త ఎక్కువ అని రేటు తగ్గించే మాట ముప్పై ఆరేళ్ళు విన్నాను నేను. తిట్టినవాళ్ళ మనవడితో వియ్యమందాను.

నాలుగో మెట్టు చర్చి రిజిస్టర్లు, 1837కి ముందు కాలానికి ఇవే దిక్కు. ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ 1538లో హుకుం వేశాడు, ప్రతి చర్చిలో బాప్తిస్మం, పెళ్ళి, సమాధి రాయాలని. 1598 నుంచి ఏటా ఒక నకలు బిషప్పుకి పంపాలన్నారు. అసలు పుస్తకం ఎలకలు కొట్టేస్తే ఈ నకలే ఆధారం. అన్ని ఊళ్ళకీ 1538 నుంచి ఉంటాయని ఆశపడొద్దు. 1640ల్లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు చాలాచోట్ల రాతే ఆగిపోయింది. చాపెల్‌కి వెళ్ళే మెథడిస్టులవీ బాప్టిస్టులవీ ఊరి చర్చి పుస్తకంలో దొరక్కపోవచ్చు, వాళ్ళ పుస్తకాలు వాళ్ళవి. గుంటూరువాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. లూథరన్ చర్చిలో బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి ఆర్‌సీఎం రిజిస్టర్లో వెతుకుతామా?

తేదీల్లో ఒక తమాషా ఉంది. 1752కి ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మన ఉగాది రోజుల్లో అన్నమాట. 1723 ఫిబ్రవరిలో పుట్టాడని పాత పుస్తకంలో ఉంటే మన లెక్కకి అది 1724. ఇది తెలియక నేను ఒక పిల్లాణ్ణి వాడి అమ్మానాన్నల పెళ్ళికి ముందే పుట్టించి ఆ కుటుంబానికి అపకీర్తి తెచ్చాను. 1752లోనే క్యాలెండరు కూడా మార్చారు, సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14 వచ్చింది. ఆ మధ్య తేదీలతో రికార్డు కనిపిస్తే ఎవరో తప్పు రాశారని అర్థం.

మూడు వారాలు వేరేవాళ్ళ తాత వెంట

హడర్స్‌ఫీల్డ్ పక్కన ఆల్మండ్‌బరీ అని ఊరుంది. ఓల్డ్‌హామ్ ముత్తాత తండ్రి అక్కడ పుట్టాడని 1851 లెక్కల్లో తేలింది, ఉన్ని బట్ట నేసేవాడు, పేరు జాన్ వాకర్. చర్చి పుస్తకంలో సరిగ్గా ఆ ఏడాది పుట్టిన జాన్ వాకర్ దొరికాడు. ఆనందం పట్టలేక తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలు దిగిపోయాను. చార్టు గీసి గోడకి అంటించాను. మా ఆవిడ ఆ చార్టు చూసి, "ఈ పిల్లాడు పెరిగి పెద్దయ్యాడని మీకెవరు చెప్పారు?" అంది.

నవ్వాను గానీ రాత్రి సమాధుల పుస్తకం తిప్పాను. ఆ జాన్ నాలుగో ఏటే పోయాడు. నేను ఇరవై రోజులు తోలిన బండి ఎవరి తాతల మీదుగా వెళ్ళిందో దేవుడికెరుక. అదే ఊళ్ళో, అదే ఏడు, ఇంకో జాన్ వాకర్ పుట్టి ఉన్నాడు. మనవాడు వాడు.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. పేరు దొరగ్గానే వాణ్ణి చంపడానికి చూస్తాను. చిన్నప్పుడే పోయాడేమో, వేరే ఊళ్ళో వేరే పెళ్ళాంతో ఉన్నాడేమో, తండ్రి పని పెళ్ళి పత్రంలోని పనితో కలవదేమో. ఎంత చంపినా చావనివాడే మనవాడు. వాకర్ లాంటి మామూలు పేరుకైతే ఇది మరీ ముఖ్యం, గుంటూరులో వెంకటేశ్వర్లుని వెతకడం లాంటిది. అరుదైన పేరున్నవాళ్ళు అదృష్టవంతులు.

స్పెల్లింగు విషయంలో పట్టుదలకు పోకండి. రాసేది గుమాస్తా, చెప్పేవాడికి చదువు రాదు, చెవినపడ్డట్టు రాసేవాడు. ఒకే మనిషి పేరు మూడు పుస్తకాల్లో మూడు రకాలుగా ఉంటుంది. మన చౌదరిని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కపెట్టండి, అంతకంటే ఏం కాదు. వెతికేచోట అనుమానంగా ఉన్న అక్షరం బదులు నక్షత్రం గుర్తు పెడితే అన్ని రూపాలూ వస్తాయి.

మ్యాపు, తొట్టి, ఉచ్చ

బావగారి వంశం 1700ల మొదట్లో ఆగిపోయింది. మామూలు ఇళ్ళు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఆగుతాయి, బాధపడొద్దు. మనిషి దొరకని చోట నుంచి పేరుని పట్టుకోవాలి. అందుకు రెండు సాధనాలు. ఒకటి, పేరు ఎక్కడ దట్టంగా ఉందో చూపించే మ్యాపు, ఎక్కువగా 1881 లెక్కల్నుంచి గీసింది. రెండు, ఇంటిపేర్ల నిఘంటువు. 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు నాలుగు సంపుటాలుగా వేసిన దాంట్లో 45,000 పైచిలుకు పేర్లున్నాయి, ఒక్కోదానికి పాత రికార్డుల్లో ఎలా రాశారో ఏళ్ళవారీగా ఇచ్చారు. కొనే ధర కాదు. లీడ్స్‌లో మా అమ్మాయి లైబ్రరీకి వెళ్ళి ఆ పేజీ ఫోటో తీసి పంపింది. నిఘంటువులో అర్థం ఒక్కటే చూసి మూసెయ్యకండి, పక్కనున్న పాత రూపాలు, ఏడు, జిల్లా చూడండి. అవి లేకుండా అర్థం మాత్రం చెప్పే వెబ్‌సైట్లు జాతకాలతో సమానం.

మ్యాపులో వాకర్లు ఉత్తరాదిన, మిడ్‌లండ్స్‌లో గుట్టగా ఉన్నారు. ఆగ్నేయాన ఫుల్లర్లున్నారు. నైరుతిన డెవన్, సోమర్సెట్ వైపు టక్కర్లున్నారు. ఈ మూడు పేర్లదీ ఒకటే పని! ఒకే పనికి ఒక్కో సీమలో ఒక్కో మాట. స్కాట్లండులో గేలిక్ మాట్లాడేవాళ్ళ "మాక్ అన్ ఉకడెర్" అనే పేరునీ చాలాచోట్ల వాకర్‌గా మార్చి రాశారు, దాని అర్థం కూడా అదే పనివాడి కొడుకు అని.

ఆ పనేమిటంటే ఉన్ని బట్ట తొక్కడం. మగ్గం మీద నుంచి దింపిన ఉన్ని బట్ట వదులుగా, జిడ్డుగా, గోనెలాగా ఉంటుంది. దాన్ని తొట్టిలో వేసి, నీళ్ళు పోసి, జిడ్డు పీల్చే ఒక రకం బంకమన్ను, ఊరబెట్టిన ఉచ్చ కలిపి, దిగి గంటల తరబడి కాళ్ళతో తొక్కేవారు. ఉచ్చ ముదిరితే అమోనియా పుడుతుంది, అది జిడ్డుని విరిచేస్తుంది, సబ్బు ఖరీదైన రోజుల్లో అదే సబ్బు. ఉన్ని పోగుకి కంటికి కనిపించని పొలుసులుంటాయి. తొక్కేకొద్దీ అవి ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట కుంచించుకుపోయి దిట్టమవుతుంది. తర్వాత కడిగి, చట్రాలకి కొక్కేలతో బిగలాగి ఎండబెడతారు. మన పత్తి పోగుకి ఆ పొలుసులు లేవు, ఎంత తొక్కినా చిక్కబడదు. పత్తి సీమలో ఇంత బతుకు బతికినా ఈ పని పేరు నేను వినకపోవడానికి కారణం అదే. వాక్ అనే క్రియకి పాత ఇంగ్లీషులో అర్థం దొర్లించడం, అటూ ఇటూ కదిలించడం. ఆ మాట నడక మీదికి తిరిగింది తర్వాత. ఇంటిపేరు మాత్రం తొట్టిలోనే ఉండిపోయింది. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లోనే నీటి చక్రంతో నడిచే రోకళ్ళు వచ్చి కాళ్ళ పని తగ్గించాయి, అప్పుడూ ఆ పనివాళ్ళని అదే పేరుతో పిలిచారు.

యార్క్‌షైర్ పడమటి భాగానికి 1379 నాటి తలపన్ను జాబితాలు మిగిలాయి. దాంట్లో మనిషి పేరుతో పాటు చాలామందికి పని కూడా రాసి ఉంది. ఇంటిపేరు ఒక పని చెప్తూ, పక్కన వేరే పని రాసి ఉంటే, కాటా శ్రీను కొడుకు బ్యాంకులో చేరాడని అర్థం. పేరు అప్పటికే వంశానికి అంటుకుంది. ఒక సాయంత్రమంతా ఆ జాబితా ముందు కూర్చున్నాను. బట్టల బజారంతా అందులోనే ఉంది. వెబ్‌స్టర్ నేసేవాడు, లిస్టర్ రంగు అద్దేవాడు, షెర్మన్ బట్ట మీది నూగు కత్తెరతో కోసేవాడు. టోజర్ అని ఇంకో పేరుంది, అది దక్షిణాదిది, ఉన్ని ఏకేవాడు.

మన పేటలు

ఈ పద్ధతి చేతికొచ్చాక ఊరికే ఉండలేక మా పేటల మీద పడ్డాను. బ్రాడీపేటలోని బ్రాడీ స్కాట్లండు పేరు, మోరే ప్రాంతంలో బ్రోడీ అనే చోటు నుంచి వచ్చింది. పక్కనున్న అరండల్‌పేట ఇంకా సరదా. బెజవాడలోనూ ఒక అరండల్‌పేట ఉంది కదా. ససెక్స్‌లో అరండల్ అని ఊరుంది, హోర్‌హౌండ్ అనే మందుమొక్క పెరిగే లోయ అని అర్థం. కార్న్‌వాల్ అరండల్ కుటుంబం మాత్రం ఫ్రెంచిలో స్వాలో అనే చిన్న పక్షిని ఇరాందెల్ అంటారు కదా, మా పేరు అలా వినిపిస్తోంది కదా అని డాలు మీద ఆ పక్షుల్ని వేయించుకున్నారు. ఆ ఊరి పక్కన పారే ఏటికి అరన్ అని పేరు ఊర్ని బట్టి తర్వాత వచ్చింది, ఏటిని బట్టి ఊరికి రాలేదు. బీసెంట్ అయితే బైజాంటియం బంగారు నాణెం పేరు. రోజూ అన్ని లక్షలు చేతులు మారే బజారుకి అంతకంటే తగిన పేరు దొరకదు.

డాలు మాటొచ్చింది కాబట్టి నా మూడు వేల రూపాయల సంగతి. వాకర్ వంశ చిహ్నం అని ఆన్‌లైన్లో ఒక దుకాణం ఫ్రేము కట్టి అమ్ముతుంటే అల్లుడి పుట్టినరోజుకని తెప్పించాను. సింహం, కిరీటం, లాటిన్ మాట, ఘనంగా ఉంది. తీరా చూస్తే ఇంగ్లండులో డాలు చిహ్నం ఇంటిపేరుకి ఉండదు, మనిషికి ఇస్తారు, అతని వారసులకి దిగుతుంది. 1484లో పెట్టిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ ఇప్పటికీ ఆ వ్యవహారం చూస్తుంది. వాకర్ అనే పేరున్నంత మాత్రాన ఆ సింహం మీద ఎవరికీ హక్కు లేదు. మీరు కొనకండి. మాది బీరువా వెనకాల ఉంది.

ఒక్క మాట, మన రైల్వే కాలనీల్లో ఉండి వెళ్ళిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవో, ఇక్కడే సమాధి అయిన దొరలవో పేర్లు వెతికేవాళ్ళు ఇంగ్లండు చర్చిలతో మొదలుపెట్టొద్దు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రికార్డుల నకళ్ళు లండన్‌కి వెళ్ళేవి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటికి సూచికలు ఫిబిస్ అనే సంఘం వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు.

మొత్తం తేలాక ఒక్క కాగితం మీద రాశాను. ఏ సంగతి ఏ పుస్తకంలో ఏ పేజీలో చూశానో పక్కనే వేశాను, చిట్టాకి ఓచరు లాగా. అది లేకపోతే ఆరు నెలల తర్వాత మీ రాత మీకే నమ్మబుద్ధి కాదు. అమ్మాయి దాన్ని ఇంగ్లీషు చేసింది. ఈసారి సంక్రాంతికి వియ్యాలవారు వచ్చినప్పుడు అదే డాబా మీద ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివాడు. ఓల్డ్‌హామ్ దగ్గర నా వంక చూసి నవ్వాడు. కింది దాకా వచ్చి ఆగాడు, చెప్పుల్లో తన పాదాల వంక కాసేపు చూసుకున్నాడు.

"బావగారు," అన్నాడు, "ఎవరి ఉచ్చ?"